గాదె నిండా చింతకర్ర

మొన్నటి చలికాలంలో ఒక సాయంత్రం మా అపార్టుమెంటు డాబా మీద కుర్రకారు చలిమంట వేశారు. విజయనగరంలో ఈ మధ్య అదో సరదా. కర్రలు కూడా సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. నేను శాలువా కప్పుకుని పైకి వెళ్ళేసరికి మంట లేదు, పొగ మాత్రం బోలెడుంది. అందరూ దగ్గుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక అబ్బాయి అట్టముక్కతో విసిరి విసిరి చెమటలు కక్కుతున్నాడు.

సంచిలోంచి రెండు కర్రలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాను. గుడ్డలమూట కింద పడ్డట్టు మెత్తగా చప్పుడైంది.

"ఇవి పచ్చికర్రలర్రా. నిన్నో మొన్నో కొట్టినవి. వీటి నిండా నీళ్ళే," అన్నాను.

వాచ్‌మన్ గది వెనక ఎవరో పారేసిన పాత మంచం పట్టెలు ఉంటే తెప్పించి, సన్నగా చీల్పించి, మధ్యలో గాలి ఆడేలా పేర్పించాను. ఒక్క అగ్గిపుల్లకే అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టి, నన్ను మంట పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఇంటికొచ్చి శాలువా విప్పితే దాని నిండా పొగవాసన. ఉతకడానికి వెయ్యబుద్ధి కాలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మా ఊరు వంశధార సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన. మాది వరి పండించే ఇల్లు. ఆ రోజుల్లో మా వైపు చలంటే చలే. మార్గశిరం వచ్చేసరికి ఏటి మీంచి మంచు లేచి పొలాలన్నీ కప్పేసేది. పక్కింటి గుమ్మం కనిపించేది కాదు, పక్కింటివాళ్ళ దగ్గు మాత్రం వినిపించేది. తెల్లారగట్ల ప్రతి వాకిట్లోనూ ఒక చలిమంట. దాని చుట్టూ ముసలివాళ్ళూ, పిల్లలూ, కుక్కలూ. పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద కాగు, దాని నిండా పొగలు కక్కే నీళ్ళు. ఆ నిప్పుల్లో తేగలు కాల్చుకుని, వేలు కాల్చుకుని, ఆ వేలు నోట్లో పెట్టుకుని బడికి పరిగెత్తేవాళ్ళం.

అంత మంట కావాలంటే అంత కర్ర కావాలి. కర్ర పని చలికాలంలో కాదు, ఎండల్లో మొదలవుతుంది. మా ఇంట్లో ఆ పని మామ్మది. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. సన్నగా, పొడుగ్గా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో ఉండేది. ఇంట్లో పొలం నాన్నది, పాడి అమ్మది, పొయ్యి మామ్మది. ఎవరూ ఎవరి హద్దూ దాటేవారు కాదు.

ఆ ఏడు వైశాఖంలో గాలివాన వచ్చి మా మెట్టచేను గట్టు మీది చింతమాను వేళ్ళతో సహా పడిపోయింది. నాన్నకంటే ముందు పుట్టిన చెట్టు. ఆ సాయంత్రానికే ఇటికల బట్టీ ఆయన వచ్చి బేరం పెట్టాడు. నాన్న సరేననబోతుంటే మామ్మ లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఒక్క పేడు కూడా బయటికెల్లదు," అంది.

"ఇంత కర్ర మనకెందుకే అమ్మా? పిడకలున్నాయి, సరుగుడు పుల్లలున్నాయి. ఏటి సేస్తావు దీన్ని?"

"నీకు కాదు నాయనా. నీ సెల్లికి."

నాన్న బట్టీ ఆయన్ని గుమ్మం దాకా పంపించి వచ్చాడు.

నాన్న చెల్లెలంటే మా అత్త. మావయ్య నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో పనిచేసేవాడు. అత్తకి అప్పటికే రెండు కాన్పులయ్యాయి. రెండూ చలికాలం కాన్పులే, రెండుసార్లూ బిడ్డలు నిలవలేదు. ఆ వైశాఖంలోనే అత్త మళ్ళీ నెల తప్పిందని కబురొచ్చింది. లెక్క ప్రకారం ఈసారీ పుష్యమాసమే. ఈసారి పురుడు పుట్టింట్లోనే పొయ్యాలని మామ్మ పట్టు పట్టింది. అదీ మా చింతమాను కథ.

కర్ర కొట్టేవాళ్ళు గొడ్డళ్ళూ సమ్మెటలూ ఇనప మేకులూ పట్టుకుని వచ్చారు. మొద్దు చీలుతుంటే పెరడంతా పులుపూ తీపీ కలిసిన ఒక వాసన. పచ్చి చింతకర్ర వాసన అప్పుడే మొదటిసారి చూశాను. పైన తెల్లటి కర్ర, లోపల వంకాయరంగు చేవ. చేవ దగ్గరికొచ్చేసరికి గొడ్డలి ఠంగున ఎగిరి వెనక్కొచ్చేది. కొట్టేవాళ్ళు తిట్టుకునేవారు. మామ్మ మురిసిపోయేది.

"అలగ తిట్టకండర్రా. అంత గట్టిగున్నాదంటే అంత సేపు కాల్తాది."

పేర్చడం మామ్మ నాకు నేర్పింది. కింద రాళ్ళు పెట్టి, వాటి మీద వాసాలు వేసి, నేలకి తగలకుండా చీల్చిన పేళ్ళు ఒక వరస ఇటు, ఒక వరస అటు. బెరడున్న వైపు పైకి. వరసకీ వరసకీ మధ్య నా చెయ్యి దూరాలి.

"దగ్గిరగా పెడితే ఎక్కువ పడతాయి కదా మామ్మా?"

"ఎక్కువ పడతాయి, ఎక్కువ కుళ్తాయి. కర్రకీ ఊపిరాడాలే గుంటా. గాలెలగ ఎల్తాదో ఆ కంతలోంచి ఊది సూడు."

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఊదేదాన్ని. తమ్ముడు అటువైపు చెవి పెట్టి "వచ్చీసింది, వచ్చీసింది" అని గెంతేవాడు.

అలా పేరుస్తున్నప్పుడే ఒక మధ్యాహ్నం మామ్మ నాకా సంగతి చెప్పింది. ఇద్దరం నీడలో కూర్చుని చద్దన్నంలో మాగాయ నంజుకుని తింటున్నాం. అడగకుండానే మొదలుపెట్టింది. అత్త రెండో కాన్పుకి తను వియ్యాలవారింట్లోనే ఉందట. ముసురు. ఇంట్లో పొడికర్ర లేదు. పురిటిగది నిండా పొగ.

"పిల్లని నిప్పు దగ్గిరికి తీసికెల్తే ఊపిరాడదు. దూరంగా తీసికెల్తే సలి. ఇటూ అటూ తిరిగినాను. తిరుగుతూ ఉండగానే నా సేతుల్లోనే..." అని ఆగిపోయి, చెయ్యి కడిగేసుకుంది.

కాసేపటికి "ఈసారలగ జరగదు," అంది. నాతో కాదు, కర్రతో అన్నట్టు అంది.

ఆ ఎండాకాలం మా ఆటలన్నీ ఆ కర్రల పోగు చుట్టూనే. కంతల్లో పచ్చి మామిడికాయలు దాచి, పండాయో లేదో చూడ్డానికి పూటకోసారి తీసి, పండకుండానే తినేసేవాళ్ళం. తమ్ముడు రెండు పేళ్ళు పట్టుకుని డప్పు వాయించేవాడు. మొదట్లో ఆ డప్పు దబ్బుదబ్బుమనేది. రోజులు గడిచేకొద్దీ చప్పుడు మారింది. పేళ్ళ చివర్లు నక్షత్రాల్లా పగుళ్ళిచ్చాయి. ఒకరోజు తమ్ముడు కొడితే గంట కొట్టినట్టు ఖణేల్మంది. మామ్మ ఎక్కడో పెరటి చివరున్నది తలెత్తి చూసి, "మళ్ళీ కొట్టు!" అని అరిచింది.

ఎండుచేపలమ్మే మనిషి ఒకావిడ కళింగపట్నం వైపు నుంచి వారానికోసారి వచ్చేది. మా అరుగు మీద గంప దించి, అమ్మ ఇచ్చిన సోడి అంబలి, అంటే రాగి జావ, తాగి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి వెళ్ళేది. ఆవిడ మా కర్రల పోగు చుట్టూ ఒకసారి తిరిగి చూసి పడిపడి నవ్వింది.

"ఓలమ్మా, నాను సేపలెండబెట్టినంత జాగర్తగా నువ్వు కర్రలెండబెడతన్నావే! ఉప్పు కూడా రాసినావేటి?"

"రాస్తే నిలవుంటాదంటే రాసేద్దును," అంది మామ్మ.

పోగు మీద తాటాకులతో పందిరి వేయించాక ఊరంతా నవ్వింది. "ముసిలమ్మ కర్రలకి మేడ కట్టింది," అని నాన్నని రచ్చ దగ్గర ఆటపట్టించేవారు. నాన్న ఇంటికొచ్చి అమ్మ మీద విసుక్కునేవాడు.

వానలొచ్చాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మామ్మ చింతకర్ర ముట్టుకోనిచ్చేది కాదు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం అంతా అమ్మ తడి పుల్లలతోనూ నానిన పిడకలతోనూ వండింది. వంటింట్లో నిలబడితే మనిషికి మనిషి కనిపించేవారు కాదు. అమ్మ కళ్ళు ఎర్రగా వాచిపోయేవి. అయినా అమ్మ ఆ పోగువైపు చెయ్యి చాచలేదు.

శ్రావణంలో ఎదురింటి పెద్దమ్మ కూతురి పెళ్ళి. పెద్దమ్మ చుట్టరికమేమీ కాదు, ఎదురిల్లే చుట్టరికం. పెళ్ళి వంటకి పొడికర్ర లేదని మామ్మని అడగడానికి వచ్చింది.

"ఒదినా, ఒక బండెడు ఇవ్వు. పండగెల్లేక తీర్చేస్తాను."

మామ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంకేటడిగినా ఇస్తాను. బియ్యమడుగు, బిందెలడుగు. కర్ర ఇవ్వను."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. "పోయీటప్పుడు కట్టుకుని తీసుకెల్తావేటే ఆ కర్రలు?" అనేసి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. పెళ్ళికి మమ్మల్ని పిలిచారు గానీ విస్తట్లో వేసిన బూరె మీద ఆ కోపం కనిపించింది. ఒక్కొక్కళ్ళకీ ఒక్కటే వేశారు. ఆ తర్వాత పెద్దమ్మ మా వాకిలి వైపు చూడ్డం మానేసింది. మామ్మకి అది బాధే. సాయంత్రంపూట ఇద్దరూ ఎదురెదురు అరుగుల మీద కూర్చుని కేకలేసుకుంటూ మాట్లాడుకునే అలవాటు. ఇప్పుడు ఎవరి అరుగు మీద వాళ్ళు మౌనంగా కూర్చునేవారు.

కార్తీకంలో అత్త పుట్టింటికొచ్చింది. బుగ్గలు పీక్కుపోయి, భయం భయంగా ఉండేది. కడుపు మీద చెయ్యి తీసేది కాదు. నాకు జడ వేసేటప్పుడు కూడా ఒక్క చేత్తోనే వెయ్యడానికి చూసేది. అత్తొచ్చిన వారంలోనే మామ్మ పెరట్లో పాచి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఆ చెయ్యి మెడకి వేలాడేసుకుని మామ్మ నన్ను పిలిచింది.

"ఇకనుండి కర్ర నీది."

"నాన్నకి సెప్పకూడదేటి?"

"మీ నాయనకి కర్ర కనబడదు. వరి కనబడతాది. నీకు కనబడతాది."

నాకప్పుడు పదకొండో పన్నెండో ఏళ్ళు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ నీదని అనలేదు. పలక తమ్ముడితో పాలు, దుప్పటి తమ్ముడితో పాలు. ఇప్పుడు ఒక చెట్టు మొత్తం నాది! పొద్దున్నే లేచి పందిరి చుట్టూ తిరిగేదాన్ని. చెదలున్నాయేమో చూసేదాన్ని. ఎండ కాసిన రోజు తాటాకులు తొలగించి, సాయంత్రం కప్పేదాన్ని. తమ్ముడు డప్పు వాయించాలన్నా నన్నడగాలి.

మార్గశిరం వచ్చింది. వరి బంగారంలా తిరిగింది. నాలుగైదు రోజుల్లో కోతలనగా ఒక ఉదయం ఎండుచేపలావిడ గంప లేకుండా వచ్చింది. అరుగెక్కలేదు, అంబలి అడగలేదు.

"రేవులో తుఫాను జెండా ఎత్తినారు. మాయోళ్ళు పడవలు పైకి లాగేస్తన్నారు. మా అప్ప ఈ పక్క ఊళ్ళో ఉంటే సెప్పడానికొచ్చినాను. బేగి సర్దుకోండమ్మా," అని వచ్చిన దారినే పరుగెత్తింది.

ఊరు ఊరంతా కొడవళ్ళు పట్టుకుని పొలాల మీద పడింది. నాన్న బండి కట్టాడు. "అందరూ రండి. తమ్ముడు కూడా. కోసినంత కోసి ఇంటికి సేర్చీద్దాం," అన్నాడు. అమ్మ కొంగు బిగించింది. నేను కొడవలి తీసుకున్నాను. గుమ్మం దగ్గర మామ్మ నన్ను ఎడమచేత్తో పట్టుకుంది.

"తాటాకు పందిరి తుఫానుకి నిలుస్తాదేటి?"

నేను పోగువైపు చూశాను. గాలికి అప్పటికే ఒక ఆకు లేచి పడుతోంది.

"పొలం మీ నాయన సూసుకుంటాడు. కర్రేటి సేస్తావో నువ్వు సూసుకో."

కొడవలి కింద పెట్టేశాను. ఎక్కడ పెట్టాలి అంత కర్ర? వసారా తడిసిపోతుంది. అటక ఆగదు. ఇల్లంతా తిరిగాను. ఇంటి నడిమధ్య మా ధాన్యపు గాదె ఉండేది. చెక్కలతో కట్టిన చిన్న గది లాంటిది. కింద ఎత్తుగా బల్ల, పైన గట్టి కప్పు. కొత్త పంట రాకముందు కదా, అడుగున గింజలు తప్ప ఖాళీ. దాని తలుపు తెరిచి నిలబడ్డాను. ఆ గాదెలోకి కాలు కడుక్కోకుండా ఎవరూ దిగేవారు కాదు.

కాలు కడుక్కుని దిగాను. మొదటి పేడు పెట్టాను.

పెరట్లోంచి గాదె దాకా ఎన్నిసార్లు తిరిగానో తెలీదు. తమ్ముడు పొలానికి వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి నాకు జట్టయ్యాడు. వాడు అందివ్వడం, నేను పేర్చడం. గాలి పెరిగింది. కళ్ళల్లో దుమ్ము. చేతులకి పేళ్ళు గుచ్చుకుని రక్తం. మధ్యాహ్నం అమ్మ పొలం నుంచి మంచినీళ్ళకని వచ్చింది. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసింది. కుండ కింద పెట్టి, తనూ పేళ్ళు ఎత్తుకోవడం మొదలుపెట్టింది. అమ్మ ఒక్కసారి ఎత్తిందంటే మేమిద్దరం నాలుగుసార్లు తిరిగినంత. చివరి మోపు లోపల పడ్డాక పందిరి లేచిపోయి పెద్దమ్మ పెరట్లో పడింది.

పొద్దు వాలుతుండగా నాన్న బండి నిండా కోసిన వరి పనలేసుకుని వచ్చాడు. మనిషంతా తడిసిపోయాడు. తిన్నగా వెళ్ళి గాదె తలుపు తీశాడు. లోపల నేల నుంచి కప్పు దాకా చింతకర్ర.

"ఎవులు సేసినారిది?"

"నాను," అన్నాను.

"దాన్యం పోసుకునే గాదెలో కర్రలేటే? పనలెక్కడ పెట్టాలి? తియ్యి! ఇప్పుడే తియ్యి బయటికి!"

నాన్న కేకకి అత్త గదిలోంచి గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. మామ్మ ఏదో అనబోయింది. అంతలో ఎప్పుడూ నాన్నకి ఎదురు మాట్లాడని మా అమ్మ గాదె తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలుచుంది. వానల నెలలన్నీ పొగలో వండి ఉబ్బిన ఆ కళ్ళతో తిన్నగా నాన్న మొహంలోకి చూసింది.

"పంట పోతే మళ్ళీ ఏడు ఏస్తాం. ఈ బిడ్డ కూడా పోతే, మీ సెల్లి బతకదు. పనలు నా మంచం మీద పెట్టుకోండి."

నాన్న వంగి ఒక పన ఎత్తుకుని పడగ్గదిలోకి నడిచాడు. మంచాల మీద, మంచాల కింద, సావిట్లో, దేవుడి గూటి ముందు, అంతా వరి పనలే. మేము పనల మధ్య ముడుచుకుని పడుకున్నాం.

తుఫాను పోయాక కూడా ముసురు వదల్లేదు. చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఏరు పొంగి ఊరి చుట్టూ నీళ్ళు. బస్సు లేదు, పడవ లేదు, టౌను ఆస్పత్రి అనే మాటే లేదు. అలాంటి ఒక ఉదయం అత్తకి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల గడువుంది.

మంత్రసాని మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచొచ్చింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మనిషి. చాలాసేపు లోపల మాటలూ మూలుగులూ. తర్వాత నిశ్శబ్దం. ఏడుపు వినిపించలేదు. మామ్మ గుమ్మంలో కట్టు కట్టిన చేత్తో నిలబడి, పెదాలు కదుపుతోంది, శబ్దం లేదు.

మంత్రసాని తల బయట పెట్టి నన్ను చూసింది.

"ఆడగుంట. కోడిపిల్లంతున్నాది. ఊపిరుంది గాని ఒల్లు మంచులాగుంది. నిప్పు తే. పొగనేని నిప్పు తే!"

ఇంక నేను ఎవరి వైపూ చూడలేదు. గాదెలోంచి పేళ్ళు లాగాను. వసారా పొయ్యిలో గాదెలోని ఎండు చితుకుల మీద సన్న పేళ్ళు, వాటి మీద లావు పేళ్ళు, మామ్మ నేర్పినట్టే ఊపిరాడేలా. తుఫాను వెళ్ళిన ఆ చెమ్మలో, గోడలు కూడా నీళ్ళు కారుతున్న ఆ ఇంట్లో, నా చింతకర్ర చిటపటమని కూడా అనకుండా అంటుకుంది. బుస్సుమని ఒక్క మంట లేచింది. ఆ మంటలో పొగ నూలుపోగంత కూడా లేదు.

నిప్పులయ్యాక కుంపటిలోకి ఎత్తాను. చింత నిప్పు ఎర్రగా, కుదురుగా ఉంటుంది, తొందరగా బూడిద కట్టదు. అమ్మ కుంపటి లోపలికి తీసుకెళ్ళింది. మంత్రసాని కిటికీ తలుపు ఓరగా తీయించి, మంచానికి కాస్త ఎడంగా పెట్టించింది. పాత చీరముక్కలు ఆ సెగ మీద వెచ్చచేసి ఒకటి తీసి ఒకటి చుట్టారు. కాగులో నీళ్ళు మరిగాయి. నేను నిప్పు చెయ్యడం, అమ్మ తీసుకెళ్ళడం. ఎంతసేపో తెలీదు. అత్త ఒక్క మాటే అంటోంది. "ఉందా? ఉందా ఒదినా?"

అప్పుడు వినిపించింది. పిల్లికూనంత సన్నగా, కోపంగా, ఒక ఏడుపు.

మామ్మ ఎడమచేత్తో ఇంకో పేడు అందుకుని నా చేతికిచ్చింది. మంత్రసాని నవ్వుతూ బయటికొచ్చి, "గోళ్ళు నీలంగుండీవి, గులాబీ అయిపోనాయి. ఏం కర్రే ఇది గుంటా!" అంది.

ఆ రోజుల్లో ఊళ్ళో మంట వెలిగే పొయ్యి మాదొక్కటే. అందరి కర్రలూ పిడకలూ నానిపోయాయి. పిల్లలకి గంజి కాచడానికి కూడా గతి లేదు. ఒక్కొక్కళ్ళే వచ్చి మా వాకిట్లో నిలబడటం మొదలుపెట్టారు. పెద్దమ్మ రాలేదు. తన గుమ్మంలోనే నిలబడి మా పొయ్యి వైపు చూస్తోంది. మనవడు చంకలో వణుకుతున్నాడు.

"మామ్మా, ఇవ్వనా?" అన్నాను.

"నీ కర్ర. నన్నడుగుతావేటి?" అంది మామ్మ.

పుష్యం దాకా అత్తకీ పాపకీ కావలసినంత ఒక పక్కకి పేర్చి పెట్టాను. మిగిలిన దాంట్లోంచి మొదటి మోపు ఎత్తుకుని వాన నీళ్ళలో దిగి వీధి దాటాను. పెద్దమ్మ చేతుల్లో పెట్టాను. పైన కుండపెంకులో నాలుగు నిప్పులు. పెద్దమ్మ నన్నొకసారి, అరుగు మీది మామ్మనొకసారి చూసింది.

"పిల్లెలగుందే?" అని అక్కడ్నించే కేకేసింది.

"పాలు తాగతన్నాదే!" అని మామ్మ తిరిగి కేకేసింది.

అంతే, మళ్ళీ అరుగుల మీది కేకలు మొదలయ్యాయి. సాయంత్రానికి వీధి వీధంతా ఇళ్ళ కప్పుల్లోంచి పొగలు లేచాయి. అన్నీ మా నిప్పులే. పొలంలో మిగిలిన వరి నీళ్ళ పాలైంది. ఆ నష్టం నష్టమే. నాన్న చాలా రోజులు ఏటి వైపు చూస్తూ కూర్చున్నాడు. కానీ ఇంట్లో చేర్చిన పనలు ఆ పొయ్యి వేడికి ఆరి మొలకెత్తకుండా నిలిచాయి. తిండికీ విత్తనానికీ సరిపోయింది. దారులు తెరుచుకోగానే మావయ్య బురదలో నడుచుకుంటూ వచ్చాడు. చెప్పులు ఎక్కడో పోయాయి. ఏ వార్త వినాల్సొస్తుందోనని వాకిట్లోనే ఆగిపోయిన మనిషిని అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి లోపల్నించి ఆయన వెక్కి వెక్కి ఏడవడమూ, అత్త నవ్వడమూ కలిసి వినిపించాయి.

పురుడు తీరిన రోజున ఊరందరికీ భోజనాలు. ఎండ కాసింది. పెద్దమ్మ తెల్లారకుండానే వచ్చి వంట తన చేతిలోకి తీసుకుంది. గుమ్మడికాయ పులుసు, పెసరపప్పు, బూరెలు. పెరడంతా నేతివాసన. మా వైపు పెద్దవాళ్ళకి మొదటి పంక్తి, ఆడపిల్లలకి చివరి పంక్తి. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ చెంబు లాక్కుంది.

"నువ్వు కూకో. అక్కడ కాదు, ఇక్కడ."

మొదటి పంక్తిలో మామ్మ పక్కన, మొదటి ఆకు ముందు నన్ను కూర్చోబెట్టింది. నేను లేవబోతే మామ్మ మోకాలితో నొక్కింది. ఊరి పెద్దలందరూ చూస్తున్నారు. ఎవరో ముసలాయన "ఏటిది?" అన్నాడు.

"ఈ గుంట నిప్పుతోటే కదా మనందరం బతికినాం. ముందర దానికొడ్డించండి," అంది పెద్దమ్మ, వీధి చివరికి వినపడేలా.

అప్పుడు నాన్న వచ్చాడు. జీవితంలో ఎవరికీ గరిటె పట్టి వడ్డించని మా నాన్న, పప్పు గిన్నె ఎడం చేత్తో పట్టుకుని వంగి నా ఆకులో పప్పు వేశాడు. తర్వాత నెయ్యి వేశాడు. తర్వాత బూరెలు వేశాడు. ఒకటి కాదు, ఆకు పట్టినన్ని.

"సాలా?" అన్నాడు.

"ఇంకోటి," అన్నాను.

పంక్తంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. తల ఎత్తుకుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

ఆ వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డు. ప్రతి ఇంట్లోనూ గ్యాసు. కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనే, అదే మంచిది. మామ్మా లేదు, పెద్దమ్మా లేదు, మా అమ్మ కూడా వెళ్ళిపోయింది. కోడిపిల్లంత అన్న ఆ ఆడగుంట ఇప్పుడు బస్సు కండక్టరు. శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆవిడ గొంతు విప్పిందంటే పక్క ప్లాట్‌ఫారం వాళ్ళు కూడా వచ్చి బస్సెక్కేస్తారు. మొన్న నేనా బస్సెక్కితే, కిక్కిరిసిన జనంలోంచి నన్ను చూసి, ముందు సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న కుర్రాణ్ణి భుజం తట్టి లేపింది.

"ఒరే బాబూ, లెగు. మా ఒదిన్ని కూకోనీ," అంది. "ఈవిడెవరో తెలుసేటి నీకు?"

వాడికేం తెలుసు. బస్సు వంశధార వంతెన ఎక్కేదాకా చెబుతూనే ఉంది.